గీఁతబొమ్మలలోని శునకము: మాటయు మౌనమును

తిర్యగ్జంతువులయందుఁ గానవచ్చు భావములు రసపదవి నందునా, లేక రసాభాసములుగ నిలిచిపోవునా యను చర్చ మన యాలంకారికులలోఁ జిరకాలముగ జరిగినది. రాచకొండ నేలిన రేచెర్ల సింగభూపాలుఁడు పదునాలుగవ శతాబ్దమున రచించిన రసార్ణవసుధాకరమునందు శృంగారాభాసమును నాలుగు తెఱఁగులుగ విభజించి, తిర్యక్కుల యనురాగమును అందొకటిగఁ బరిగణించెను. అతనికి ముందే విద్యాధరుఁడు తన యేకావళియందు దీనికిఁ బ్రతిపక్షమును నిలిపియుండెను. విభావాదుల నెఱుఁగు జ్ఞానము పశుపక్ష్యాదులకు లేదు గావున నవి రసమునకుఁ బాత్రములు గావందురేని, అట్టి జ్ఞానము లేని మనుష్యులును గొందఱు కలరు గదా, వారికిని రసయోగ్యత లేదనవలసివచ్చునే యని యతని ప్రశ్నము. విభావ మగుటయే చాలును. తాను విభావమని యెఱుఁగుట యక్కఱలేదని యతని తలంపు. సింగభూపాలుఁ డీ వాదము నంగీకరింపలేదు.

వివాదము శృంగారముతోఁ దీఱునది గాదు. శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుని రథమునకు ముందు పాఱు లేడిని అభినవగుప్తుఁడు భయానకరసమునకు ముఖ్యోదాహరణముగఁ గైకొనెను. ఆ లేడి నోటఁ బలుకు లేదు. మెడ త్రిప్పి చూచుట, నమలుచున్న గడ్డి దారిలో జాఱిపోవుట మొదలగు దేహచేష్టలు మాత్రమే కలవు. ఐనను సామాజికుని హృదయమున భయము సాధారణీకృతమై యాస్వాదయోగ్య మగుచున్నది. ఆ లేడి తన భయమును మాటలతోఁ జెప్పికొనియుండినయెడల నా రచన పరిహాసమునకుఁ బాలై యుండెడిది. తిర్యక్కునకు అనుభావములే భాష యను సూత్రము ఆ యుదాహరణమునం దిమిడియున్నది.

లేడికి దక్కిన యీ గౌరవము కుక్కకు దక్కునా? మన శతకకారులు కుక్కను నీచస్వభావమునకు దృష్టాంతముగఁ జూపుటయే తఱుచు. అట్టి జంతువునకు నిరువదవ శతాబ్దమున అమెరికాయందును ఐరోపాయందును వార్తాపత్రికల పుటలలోను, చలనచిత్రపుఁ దెఱమీఁదను ఒక క్రొత్త పుట్టుక కలిగినది. గీఁతబొమ్మల కుక్కలు, అనఁగాఁ గార్టూను కుక్కలు, కొన్ని పుట్టి తొంబదియేండ్లు దాఁటినను జనుల మనస్సునుండి తొలఁగలేదు. దీనికి హేతువు కుక్కకు సహజమైన విశ్వాసమే యని పలువురు చెప్పుదురు. ఇది తొందరపాటు. ప్లూటో యొక పిల్లికూనపై నసూయ పడి దానిపై నేరము మోపును. స్నూపీకిఁ దన యజమాని పేరైన గుఱుతుండదు. వాఁడు గుండ్రని తల గల పిల్లవాఁడని మాత్ర మెఱుఁగును, అదియు వాఁడు భోజనపుఁ బళ్లెరమును దెచ్చువాఁడు గావున. మిలూ యొక యెముక కాసపడి, మంచులోఁ జిక్కిన యజమాని ప్రాణము నిలుపవలసిన లేఖను జాఱవిడుచును. విశ్వాసమే యాకర్షణహేతువైనచో నివి యింత ప్రీతిపాత్రములు గానేరవు. హేతువును మఱియొక తావున వెదకవలసియున్నది. కుక్క మాటలాడునా, మాటలాడినచో నెవ్వరు విందురు అను రెండు ప్రశ్నములు వేసికొనినచో నీ బొమ్మల చరిత్రము చాలవఱకు విడిపోవును.

వార్తాపత్రికల చిత్రకథలలో మొదటఁ బేరు గాంచిన కుక్కలలో నొకటి మాటలాడు కుక్కయే. 1902లో రిచర్డు ఔట్‌కాల్టు న్యూయార్కు హెరాల్డు పత్రికయందు బస్టరు బ్రౌను అను బాలుని కథ నారంభించెను. ఆ బాలుని వెంట నుండు టైగ్ అను కుక్క వాని యల్లరినిఁ గూర్చి తన యభిప్రాయములను వాక్యములుగఁ బలుకుచుండెడిది. నాఁటి పాఠకులకది మంచి వినోదము. 1904లోఁ బాదరక్షల వర్తకులు బాలుని పేరును, కుక్క బొమ్మను దమ సరకునకై కొనిరి. నేఁడు టైగ్ పేరు బొమ్మల చరిత్రమును బరిశోధించువారికిఁ దప్ప నితరులకుఁ దెలియుట యరుదు. దాని పలుకులలోఁ జమత్కారము లేకపోలేదు; కాని యా పలుకులను బ్రక్కయింటి పిల్లవాని నోటఁ బెట్టినను నష్టము లేదు. 1913లో జె. ఆర్. బ్రే తీసిన చిన్న చిత్రమున, చిత్రకారుఁడు గీచిన పొట్టికాళ్ల కుక్క యతఁడు లేనప్పుడు ప్రాణము పోసికొని, మాంసపుఁ గుట్లను దిని తిని యుబ్బి పగిలిపోవును. అందు మాట లేదు. అప్పటికి సినిమాకే మాట లేదు. ఆ కుక్కకు ఆఁకలి తప్ప వేఱు మనస్సును లేదు.

ఫ్లైషరు సోదరుల చిత్రశాలలో జరిగిన కథ యింకను విచిత్రము. అచ్చటి ప్రధానపాత్రము బింబో యను మాటలాడు కుక్క. 1930 ఆగస్టున వెలువడిన యొక చిత్రమున బింబోకుఁ బ్రియురాలుగ నొక నాట్యకత్తెను గల్పించిరి. ఆమెకు వ్రేలాడు కుక్కచెవులును, నల్లని కుక్కముక్కును గలవు. 1932 నాఁటికిఁ జెవులు పోయి వాని తావున గుండ్రని చెవిపోగులు వచ్చినవి. ఆమెయే బెట్టీ బూప్. శునకాంగన మనుష్యాంగనగ మాఱుటతోఁ బ్రియుఁడైన బింబో క్రమముగ మఱుఁగుపడెను. 1934లో నామెకుఁ దోడుగ నాలుగుకాళ్లతో నడచుచు, మొఱుగుటయే తప్ప మాటలెఱుఁగని పడ్జీ యను కుక్కపిల్లను దేవలసివచ్చెను. మనుష్యభాష నేర్చిన కుక్కలలో నొకటి మనుష్యులలోఁ గలిసిపోయెను, మఱియొకటి తెఱనుండియే తొలఁగెను. వదలుకొన్న కుక్కను మరల నేలమీఁద వెదకికొనిరి.

ఇఁక ప్లూటో. 1930లో డిస్నీవారు తీసిన చెయిన్ గ్యాంగు అను చిత్రమున మిక్కీ యొక గొలుసుఖైదీ. వాఁడు చెఱనుండి పాఱిపోఁగా వాసన పట్టి తఱుముటకై రెండు జాగిలములను విడుతురు. పేరు లేని యా జాగిలములను గీచినవాఁడు నార్మను ఫెర్గూసను. ఆ వేఁటకుక్క బొమ్మయే యా సంవత్సరమే మఱియొక చిత్రమున రోవరను పేరుతో మిన్నీ పెంపుడుకుక్కయై, 1931లో మూస్ హంటు అను చిత్రమున ప్లూటో యను పేరఁ గథానాయకుని కుక్క యయ్యెను. ఈ మూఁడవ చిత్రమున దాని నోట ముద్దడుగు రెండు మాటలను బలికించి చూచిరి. ఆ ప్రయోగము వాడుకగ నిలువలేదు. ఆ రెండు మాటలు చేసిన కీడెట్టిదో చిత్రమును జూచినవారికి వెంటనే తోఁచును. అంతవఱకు ముక్కు, చెవులు, తోఁక వీనితో బ్రదుకుచున్న ప్రాణి యొక్కసారిగ నాటకములో వేషము గట్టిన మనుష్యునివలెఁ గనఁబడును. మాట నాఁపఁగానే కుక్క తిరిగివచ్చును.

మాట నాఁపినందువలనఁ గలిగిన లాభము 1934లో వెలువడిన ప్లేఫుల్ ప్లూటో చిత్రమునఁ గనఁబడినది. అందు ఈఁగలను బట్టు జిగురుకాగిత మొకటి ప్లూటో ముక్కున కంటుకొనును. కథ యింతియే. ముక్కునుండి విడిపించుటకుఁ గాలు వేయును. కాగితము కాలి కంటును. కాలు విడిపించుకొని తీఱితినని కూర్చుండును. కాగితము పిఱుఁదున కంటును. నోటితో లాగఁబోవును, మరల ముక్కే. ఈ యల్పవస్తువును ఫెర్గూసను చిన్న కావ్యముగఁ జేసెను. అతని నేర్పు పాట్లయందుకంటెఁ బాట్ల నడుమ నున్న విరామములయందుఁ గలదు. ప్రతి వైఫల్యము వెనుకను ప్లూటో యొక్కింత యాఁగును. నొసలు ముడివడును, ఒక చెవి లేచును, చూపు కాగితముమీఁదికి, పిమ్మటఁ బ్రేక్షకునివంకకు వచ్చును. తలఁపొకటి పుట్టుచున్నదని స్పష్టముగఁ దెలియును. పుట్టిన తలఁపు తప్పుతలఁపనియుఁ బ్రేక్షకునికి ముందే తెలియును, ప్లూటోకుఁ దెలియదు. భరతుఁడు చెప్పిన ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో ఔత్సుక్యము, వితర్కము, గర్వము, అమర్షము, దైన్యము మొదలగునవి యొకదాని వెంట నొకటి యా ముఖమునఁ దోఁచి మాయుచుండును. అంతకుముందటి కదలుబొమ్మలు పడుట, పరుగెత్తుట, పగులుట చేసెడివి. ఇది తలపోసెను. డిస్నీశాలలో జీవితమంతయుఁ బనిచేసిన ఫ్రాంకు థామసు, ఆలీ జాన్‌స్టను అను చిత్రకారులు 1981లోఁ బ్రకటించిన తమ గ్రంథమున నీ జిగురుకాగితపు ఘట్టమును గదలుబొమ్మ యాలోచించుట నేర్చిన మైలురాయిగఁ బేర్కొనిరి. ఇది మౌనఫలము. నోటితోఁ జెప్పఁగల పాత్రమునకు నొసలితోఁ జెప్పవలసిన యవసర మేమున్నది?

ఈ ఘట్టమునకు 1941లో నొక వ్యాఖ్యానము పుట్టినది. అది గ్రంథరూపమైనది గాదు, మఱియొక చలనచిత్రము. ప్రెస్టను స్టర్జెసు తీసిన సలివన్సు ట్రావెల్సు అను చిత్రమున, హాస్యచిత్రములకుఁ బేరు పొందిన సలివను అను దర్శకుఁడు ప్రజల దుఃఖమును జూపు గంభీరచిత్రమును దీయఁదలఁచి, బిచ్చగానివేషమున దేశము తిరుగును. కొన్ని యనర్థముల పిమ్మట నతఁడు నిజముగనే శిక్షితుఁడై గొలుసుఖైదీల గుంపులోఁ బడును. ఒకనాఁటి రాత్రి యా ఖైదీలను సమీపముననున్న పేద నల్లజాతివారి ప్రార్థనామందిరమునకుఁ గొనిపోవుదురు. గొలుసులు చప్పుడు చేయుచు వారు లోనికి వచ్చి కూర్చుందురు. తెల్లగుడ్డమీఁద బొమ్మ యాడును. అది జిగురుకాగితమునఁ జిక్కిన ప్లూటో. ఖైదీలు నవ్వుదురు, మందిరమువారు నవ్వుదురు, కావలివాఁడును నవ్వును. సలివను తాను నవ్వుచున్నానా యని తన్ను దానే నమ్మలేక ప్రక్కవాని నడుగును.

ఈ ఘట్టమునుండి స్టర్జెసు తీసిన సిద్ధాంతము, దుఃఖితులకు నవ్వే యౌషధమని. సలివను విడుదలయై, గంభీరచిత్రమును మాని హాస్యచిత్రములే తీయుదు నని నిశ్చయించుకొనును. ఘట్టమున నున్న బలము సిద్ధాంతమున లేదు. ఆ మందిరమున నవ్వినవా రెవ్వరు? అమెరికా దక్షిణదేశమున బానిసలు పాఱిపోయినపుడు వారిని వాసన పట్టి తఱుమునవి జాగిలములు. బానిసత్వము 1865లో రద్దయిన పిమ్మట గొలుసుఖైదీలను దఱుముటకును జాగిలములనే వాడిరి. ప్లూటో తొలి జన్మమున నట్టి జాగిలమే. ఖైదీని బట్టుటకై గీయఁబడిన బొమ్మ. పదునొకండేండ్లకు గొలుసులు దాల్చిన ఖైదీలు, బానిసల సంతతివారు ఒకచోటఁ గూర్చుండి యా జాతికుక్క తన్ను దాను విడిపించుకొనలేక పడు పాట్లను జూచి నవ్వుచున్నారు. ఈ పూర్వాపరసంబంధము స్టర్జెసునకుఁ దెలిసియుండవలె నను నియమము లేదు. రచనలు తమ కర్తల కంటె నెక్కువ యెఱిఁగియుండుట కలదు.

ఆ నవ్వును గేవలహాస్య మనవచ్చునా? శత్రువు పడుటను జూచిన సంతోషము కొంత యందుండవచ్చును. కాని యది కొంతయే. ఎంత కదలినను వదలనిదానిలోఁ జిక్కుట యెట్టిదో గొలుసు దాల్చినవానికిఁ దెలిసినట్లు మఱియొకనికిఁ దెలియదు. వారు నవ్వుచున్నది తమ స్థితినే, కాలికి గొలుసులేని రూపమునఁ జూచి. ఇచ్చట హాసమునకు లోపల శోకము స్థాయిగ నిలిచియున్నది. దీనిని రసాభాస మని త్రోసివేయుట సింగభూపాలునంతవానికిని సులభము గాదు. తిర్యక్కునకు విభావజ్ఞానము లేకున్నను దోషము లేదన్న విద్యాధరుని మాట యిచ్చట నక్షరాల నిలుచుచున్నది. ప్లూటోకుఁ దానెవరి దుఃఖమునకు రూపమో తెలియదు. తెలిసినట్లు నటించియుండినచో నా మందిరమున నవ్వు పుట్టెడిది గాదు.

ఈ వాదమునకు గూఫీని జూపి యాక్షేపము చెప్పవచ్చును. గూఫీయు శునకవంశజుఁడే, 1932లో మిక్కీస్ రెవ్యూ అను చిత్రమున వేఱు పేరుతోఁ బుట్టెను. రెండుకాళ్లతో నడచును, టోపి పెట్టును, పింటో కోల్విగు కంఠముతో మాటలాడును, నవ్వును. ఐనను నేఁటికిఁ బ్రసిద్ధుఁడు. ఒకే కథలో నొక కుక్క మిక్కీకి మిత్రుఁడై కుర్చీమీఁదఁ గూర్చుండుట, మఱియొకటి పట్టెడతోఁ గుర్చీక్రింద నుండుట యేమి న్యాయమని పిల్లలు సైత మడుగుదురు. సమాధానము గూఫీ చరిత్రముననే యున్నది. 1934లో ఆర్టు బాబిట్టు అను చిత్రకారుఁడు గూఫీ స్వభావమును విశ్లేషించి సహోద్యోగులకు వ్రాసి యిచ్చెను. అది మందబుద్ధియు మంచిమనస్సును గల యొక పల్లెటూరి మనుష్యుని వర్ణనమువలె నుండును. 1940లలో గూఫీ యాటలు నేర్చుకొను సామాన్యగృహస్థుఁ డయ్యెను. 1950లలోని కొన్ని చిత్రములయం దుద్యోగమునకుఁ బోవు నగరవాసియై, పొడవైన చెవులను సైతము గోలుపోయెను. బెట్టీ బూప్ నడచిన దారియే యిదియు. గూఫీ చిరంజీవియే, కాని కుక్కగఁ గాదు.

టెక్సు ఏవెరీ సృజించిన డ్రూపీని గూర్చి యొక్కమాట చాలును. 1943లో వచ్చిన తొలిచిత్రమున నదియుఁ జెఱనుండి పాఱిన తోఁడేలును దఱుము జాగిలమే. తోఁడే లెంత దూరము పోయినను డ్రూపీ ముందే యచ్చట నిలిచియుండును. మాటలాడును గాని, మాటలాడుటకు విసిగినట్లు మాటలాడును. మౌనమునకు సరిహద్దున నిలిచిన వాక్కది.

మాట, మౌనము అను రెంటికి నడుమ మఱికొన్ని తావులు కలవని మన నాట్యశాస్త్రజ్ఞు లెఱుఁగుదురు. ధనంజయుఁడు దశరూపకమున నాటకభాషణమును సర్వశ్రావ్యము, నియతశ్రావ్యము, అశ్రావ్యము అని విభజించెను. అందఱు వినునది ప్రకాశము. కొందఱే వినునది జనాంతికము మొదలగునది. రంగముమీఁద నెవ్వరు వినక ప్రేక్షకుఁడు మాత్రము వినునది స్వగతము. టైగ్ భాషణము ప్రకాశము. 1955లో వచ్చిన లేడీ అండ్ ది ట్రాంప్ చిత్రమునఁ గుక్కల సంభాషణము జనాంతికము: కుక్కలు తమలోఁ దాము సుఖముగ మాటలాడికొనును, మనుష్యులకు మొఱుగుడు మాత్రమే వినవచ్చును. నటుఁడు జనాంతికమునకుఁ ద్రిపతాకహస్త మెత్తవలెను. కుక్కల కది యక్కఱలేదు. ఆ చిత్రమున లేడీ తన యజమానుల పేరులు జిమ్ డియర్, డార్లింగ్ అని నమ్మును, దంపతులు పరస్పర మట్లు పిలుచుకొనుచుండ విన్నది గావున. కుక్క జ్ఞానమునకుఁ గల యెల్లను జూపుటకు నింతకంటె నేర్పైన యుపాయము దొరకుట కష్టము. 1961లో వచ్చిన నూటయొక్క డాల్మేషియనుల చిత్రమున సంధ్యవేళ లండనునగరపుఁ గుక్కలు మొఱుగుడు వెంట మొఱుగుడుగ వార్తను బల్లెలదాఁక నందించును; ఊరివారికది రాత్రిపూఁట వినవచ్చు కుక్కల యల్లరి.

స్వగతమును గైకొన్నది స్నూపీ. చార్లెసు షుల్జు పీనట్సు చిత్రకథను 1950 అక్టోబరు 2వ తేదీని ఏడు పత్రికలలోఁ బ్రారంభించెను. రెండుదినములకు స్నూపీ వచ్చెను. మొదట నది నాలుగుకాళ్ల కుక్కపిల్ల. 1952లో దాని తలమీఁద మబ్బుతునకవంటి బుడగయు, అందుఁ దలఁపును గనఁబడినవి. చిత్రకథలలో మాట బుడగకు మొనదేఱిన తోఁక యుండును, అది నోటివంకకుఁ జూపును. తలఁపు బుడగకుఁ జిన్న చిన్న గుండ్రములు మెట్లవలె నుండును. ఈ స్వల్పభేదముమీఁద షుల్జు దాదా పేఁబదియేండ్ల కట్టడమును నిలిపెను. 1958 నుండి స్నూపీ తన యింటిలోఁ బరుండక దాని కొప్పుమీఁదఁ బరుండును. 1965లో నా యింటికొప్పు మొదటి మహాయుద్ధపు విమాన మయ్యెను. శత్రువిమానము నెన్నఁడు జూపరు. స్నూపీ కండ్లద్దములు, కంఠవస్త్రము, కదలని కొయ్యయిల్లు, తలమీఁది బుడగ, ఇవియే సామగ్రి. రెండవ మహాయుద్ధమున ఐరోపాయందు సైనికుఁడై యుండిన షుల్జు, యుద్ధముయొక్క యేకాంతమును గుక్కయింటి కొప్పుమీఁదఁ బెట్టెను. ఆ విమానవీరుఁడు ఫ్రాన్సుదేశపు మంచుపొగలోఁ ద్రోవ తప్పి యొంటరియై యుండఁగా, పిల్లవాఁడు పళ్లెరము పట్టుకొని వచ్చి క్రింద నిలుచును. వానికి యుద్ధము కనఁబడదు. కుక్కకు యుద్ధము, బాలునికిఁ గుక్క, చదువరికి రెండును. స్వగతమున కింత చక్కని ప్రయోగము రంగస్థలమునను దఱుచు దొరకదు.

షుల్జు ఈ నియమమును సర్వదా పాటింపలేదు. స్నూపీ తలంచినదానికిఁ బ్రక్కవారు బదులు చెప్పిన చిత్రములును గలవు. తరువాతి దశాబ్దములలో స్నూపీ కథకుఁ డయ్యెను, న్యాయవాది యయ్యెను, ఆటగాఁ డయ్యెను. వేషములు పెరిగినకొలఁది కుక్క పలుచనైన దినములును గలవు. కాని షుల్జు దానిని మరల మరలఁ బళ్లెరము వద్దకుఁ దెచ్చుచుండెను. ఎంత వీరుఁడైనను భోజనము మఱియొకరు పెట్టవలె. తలుపు మఱియొకరు తెఱవవలె. ఈ పారతంత్ర్యమే స్నూపీ కల్పనలకుఁ బునాది. 1965లో పీనట్సు దూరదర్శనమున కెక్కినపుడు తలఁపు బుడగలను వదలి, దర్శకుఁడగు బిల్ మెలెండెజు తన కంఠమునే వేగము పెంచి యస్పష్టధ్వనిగఁ బెట్టెను. స్నూపీ మరల ఆంగికాభినయమునకుఁ జేరెను. అచ్చుపుటలోని హాస్యపు సూక్ష్మత కొంత పోయినను గుక్క చెడలేదు. స్నూపీ నోటినుండి గాత్రముతో మాటలు పలికించు నాటకములును వచ్చినవి. పాటలు బాగుండవచ్చును, స్వగతమును బ్రకాశముగఁ జేసినందున మర్మము బయలుపడినది. షుల్జు 17,897 చిత్రకథలను దానే గీచి, 2000 ఫిబ్రవరి 12వ తేదీని మరణించెను. కడపటి ఆదివారపుఁ గథ మఱునాఁడు పత్రికలలో వెలువడినది.

బెల్జియముదేశపు హెర్జే గీచిన మిలూ చరిత్రము ప్రకాశమునుండి స్వగతమునకు జరిగిన ప్రయాణము. 1929 జనవరి 10వ తేదీని టింటిను కథతోఁ బాటు పుట్టిన యీ తెల్లకుక్క తొలికథలలో యజమానితో ధారాళముగ మాటలాడును. 1940-41లోఁ గెప్టెను హాడాకు వచ్చినపిమ్మట మనుష్యమిత్రుఁడు దొరకెను గావునఁ గుక్క సంభాషణము తగ్గెను. తగ్గుట మేలే యయ్యెను. 1958-59లో వెలువడిన టిబెట్టు కథలో, పైనిఁ జెప్పిన యెముక ఘట్టమున, మిలూ తలకు నిరుప్రక్కల దేవదూతయు దయ్యమును నిలిచి వాదింతురు. ప్లూటోకును 1941లో లెండ్ ఎ పా అను చిత్రమున నట్టి దేవదూతయు దయ్యమును గలవు. ఆ చిత్రమునకు ఆస్కారు బహుమానము వచ్చెను. అంతరాత్మలు రెండును మాటలాడును, కుక్క మాత్రము మాటలాడదు. ధర్మాధర్మవిచారము చేయుటకు భాష కావలె నని యీ చిత్రకారు లొప్పుకొనిరి. కాని యా భాషను గుక్క నోటఁ బెట్టుటకు వెనుదీసిరి. ఇది తెలివి.

ఇంగ్లండున నిక్ పార్కు 1989లో మైనపుమన్నుతోఁ జేసిన గ్రోమిట్టునకు నోరే లేదు. మొదట దానికిఁ గంఠ మియ్యఁదలఁచి, నొసలి కదలిక చాలునని గ్రహించి యా యూహను మానుకొనిరి. ప్లూటోకు లభించిన జిగురుకాగితపు నొసలే యిచ్చటను బనిచేసినది. యజమాని యెడతెగక మాటలాడును, ఏమియు నెఱుఁగఁడు; కుక్క మాటలాడదు, అంతయు నెఱుఁగును. 1993లో వచ్చిన రాంగ్ ట్రౌజర్సునఁ గుక్క తన గదిని బాడుగకు వచ్చిన పెంగ్విను కొప్పగించి వానలో నిల్లు విడిచి పోవును. అప్పుడు దాని కనుబొమ్మలు పైకి లేచుట వ్రేలెడు కదలికయైనను గాదు.

మహాభారతమున నాదిని ఒక కుక్కయు, నంతమున నొక కుక్కయుఁ గలవు. ఆదిపర్వమున సరమ జనమేజయునితో స్పష్టముగ మాటలాడును. నిరపరాధియైన తన కుమారునిఁ గొట్టినందుకు న్యాయ మడిగి, భయము పొంచియున్నదని చెప్పి పోవును. ఆ మాటలు ధర్మ్యములే, రాజు వానికి భయపడెను గూడ. ఐనను సరమను గుఱుతుంచుకొన్నవారు గొలఁదిమంది. మహాప్రస్థానమునఁ బాండవుల వెంట నడచిన కుక్క హస్తినాపురము విడిచినది మొదలు పలుకలేదు. ద్రౌపదియు, తమ్ములును బడిపోయిరి. అది ధర్మరాజు వెనుక నడచుచునే యుండెను. ఇంద్రుఁడు రథ మెక్కుమన్నపుడు దానిని విడిచి రానని ధర్మరాజు పట్టుపట్టెను. అప్పుడు ధర్మదేవత నిజరూపము దాల్చి మాటలాడెను. అటుపిమ్మట నచ్చటఁ గుక్క లేదు. అది యంతదూర మేమి తలంచుకొనుచు నడచెనో యా కథ చెప్పదు.